పామర్రులో మైనస్ నలభై

పామర్రు దాటగానే పెళ్ళికారు నల్లటి పొగ కక్కింది. రెండు కుదుపులు కుదిపి కాలవగట్టు పక్కన ఆగిపోయింది.

స్టీరింగు ముందు యేసుకుమార్. వెనక సీట్లో పెళ్ళికూతురు ఏంజెల్, అతని చెల్లెలు. ఆమె పక్కన పెద్దమ్మ సంపూర్ణమ్మ. చల్లపల్లిలో బయల్దేరిన ముగ్గురూ పదకొండుకల్లా విజయవాడ చర్చిలో ఉండాలి. ఆ తర్వాత పాస్టరుగారు గన్నవరంలో ఇంకో పెళ్ళి చెయ్యాలి. ఆలస్యమైతే ఆయన ఆగరు, పెళ్ళి వాయిదా పడుతుంది. చుట్టాల బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆటో ఎక్కితే వేళకు అందుకోలేరు.

యేసుకుమార్ తాళం తిప్పాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. గుప్పున పెట్రోలు వాసన. బంకులో కల్తీ పోశారని తిట్టుకున్నాడు.

ఏంజెల్ పనిచేసేది విజయవాడలో కార్లు బాగుచేసే షెడ్డులోనే. పోయిన వారం ఈ కారును పరీక్షించి, ఇంజను లోపాలు చూపే స్కానరు డాష్‌బోర్డు అరలో మర్చిపోయింది. ఇప్పుడు ముందు సీట్లోకి మారి, దాన్ని స్టీరింగు కింది సాకెట్లో గుచ్చి ఫోన్లో అంకెలు చూసింది.

"అన్నయ్యా, బయట ఎండెంత?"

"నలభైకి దగ్గర్లో ఉంటది. ఇప్పుడదెందుకమ్మా?"

"ఇంజనులోకెళ్ళే గాలి మైనస్ నలభై అంటోంది."

"పామర్రులో మంచు పడుతోందటే?" అంది సంపూర్ణమ్మ పమిటతో విసురుకుంటూ.

గడ్డకట్టే చలి ఉందనుకుని ఇంజను పెట్రోలు ఎక్కువ పోసుకుంటోందనీ, అందుకే ఆ పొగ వచ్చిందనీ ఏంజెల్ వివరించింది. గాలి వేడిని కొలిచే సెన్సారైనా పోయుండాలి, దాని వైరైనా తెగుండాలి. యేసుకుమార్ వెంటనే సెన్సారు పంపమని స్నేహితుడికి ఫోను కలపబోయాడు. ఆమె ఆపింది. ముందు ఏది పోయిందో తేల్చాలి.

చీర కుచ్చిళ్ళు దోపుకుని బానెట్ ఎత్తింది. గాలి గొట్టం మీదున్న సెన్సారు ప్లగ్గు ఊడదీసి, జడలోంచి పిన్ను లాగి ప్లగ్గులోని రెండు కొనలనూ కలిపింది. వైరు బాగుంటే అంకె ఒక్కసారిగా పైకెక్కాలి. ఫోను పట్టుకున్న యేసుకుమార్, కదల్లేదన్నాడు.

"సెన్సారు బానే ఉండుంటది. వైరే తెగింది."

వైరు వెంబడి వేళ్ళు పోనిస్తూ గ్రిల్లు దాకా వెళ్ళింది. అక్కడ ఎవరో బిగించిన ఇనప బైండింగ్ వైరు, ఇంజను తీగల కట్టను కోసుకుపోయింది. దాని రెండో కొసకు బానెట్ మీది బంతిపూల మాలలు.

యేసుకుమార్ మెడ రుద్దుకున్నాడు. పూలవాళ్ళు దారంతోనే కట్టారు. దారిలో గాలికి ఎగిరిపోతాయని పొద్దున్నే తనే బైండింగ్ వైరుతో చేతికందిన తీగల కట్టకు చుట్టి బిగించాడు.

"ప్రేమ ఉండొచ్చు అన్నయ్యా. పటకారుతో బిగించక్కర్లేదు."

"ఏడిపించకే. ఏం చెయ్యాలో చెప్పు."

మాలలు కోసెయ్యమంది. అతను కోసి గట్టు మీద పెట్టాడు. ఆమె తెగిన కొనల మీది పూత గీకి, మెలిపెట్టి, కార్లో ఉన్న టేపు చుట్టి ప్లగ్గు పెట్టింది. ఇంజను వేడికి ఫోన్లో అంకె యాభై దాటింది. ఎక్కువైన పెట్రోలు పోయేలా యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి స్టార్ట్ చెయ్యమంది. నాలుగు దగ్గులు దగ్గి, ఇంజను అందుకుంది.

చర్చి దగ్గరకు వచ్చేసరికి పాస్టరుగారు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నారు. కారును చూసి వెనక్కి తిరిగారు. పెళ్ళికొడుకు ఫిన్నీ ఎదురొచ్చి, మసి అంటిన ఏంజెల్ చెయ్యి చూసి రుమాలిచ్చాడు. ఆమె తుడుచుకుంటూనే లోపలికి నడిచింది.

ఆపితే మళ్ళీ మొరాయిస్తుందేమోనని, లోపల పాట మొదలయ్యాకే యేసుకుమార్ ఇంజను ఆపాడు.