అత్తమ్మ పేరు మీద పరీక్ష

"గ్యాసే. సోడా తాగు" అన్నాడు భిక్షపతి, నేను గిన్నెలు తోముతూ కడుపు పట్టుకుని కూలబడితే. మా ఆయన ఆర్టీసీ కండక్టరు. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలు. బస్సులు డిపోలో, ఆయన ఎల్బీ నగర్ చౌరస్తా శిబిరంలో. వంటావార్పు అని పిలిస్తే నేనూ వెళ్లాను. ఇంట్లో వండేది నేనే, రాష్ట్రం కోసం నడిరోడ్డు మీద వండిందీ నేనే. నాకూ తెలంగాణ కావాలి, కాదనను. కానీ అందరికీ వడ్డించి కూర్చుంటే రెండు ముద్దలు దిగలేదు. పక్క గల్లీలో వాంతి చేసుకుని వచ్చాను. "తెలంగాణ రానీ, పెద్ద దవాఖానల చూపిస్త" అని నవ్వాడు మా ఆయన.

ఎనిమిది నెలలుగా ఇదే వరస. తొమ్మిది కిలోలు తగ్గితే ఆడబిడ్డ "సన్నగైనవు, మంచిగున్నవు" అంది. కాలనీ క్లినిక్ డాక్టరు లలితకుమారిగారు "ముప్పై మూడేళ్లకి ఏం జబ్బులండీ, టెన్షన్ తగ్గించుకోండి" అని బిళ్లలు రాసిచ్చారు. ఆవిడది గుంటూరు, మా ఆయనది నల్లగొండ. రాష్ట్రం దగ్గర కుదరదు గానీ నా కడుపు విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

అదే మా అత్తమ్మ అండాలమ్మ, అరవై ఎనిమిదేళ్ల మనిషి, "కడుపుల మండుతుందిరా" అని ఒక్కసారి అనగానే ఆయన శిబిరం వదిలి ఉరికొచ్చాడు. "గా వయసుల ఏదైనా కావచ్చు" అని దిల్‌సుఖ్‌నగర్‌లో ఎండోస్కోపీకి టైం తీసుకున్నాడు. తీసుకెళ్లాల్సింది మాత్రం నేను. ఖాళీ కడుపుతో రావాలని ఆమెకు పదిసార్లు చెప్పాను.

"ఏమన్నా తిన్నరా?" అని నర్సు అడిగితే అత్తమ్మ తొణక్కుండా "చాయ్ తాగిన, రెండు ఇడ్లీలు తిన్న" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఎన్నిసార్లు చెప్పిన అత్తమ్మా!"

"నాకేం నొప్పి లేదు బిడ్డా" అంది ఆమె మెల్లగా. "రోజూ బాత్రూంల కక్కుతుంటే నాకు ఇనబడదా? నీకు నొప్పంటే వాడు కదలడు. నాకంటే ఉరికొస్తడని గట్ల చెప్పిన. నువ్వెట్లాగు అందరు తిన్నంకనే తింటవు, పొద్దటి సంది నీళ్లు గూడ తాగలే. పో, పండుకో."

నర్సు కాగితం మీద పేరు మార్చి, అరవై ఎనిమిది కొట్టేసి ముప్పై మూడు రాసింది.

వారానికి రిపోర్టు వచ్చింది. కేన్సరు. "పెద్దవాళ్లలో తరచు ఒకచోట గడ్డలా కనబడుతుందమ్మా" అన్నారు పరీక్ష చేసిన డాక్టరు. "చిన్న వయసువాళ్లలో చాలాసార్లు కడుపు గోడ లోపల్లోపలే పాకిపోతుంది. వయసు చూసి మేమూ గ్యాసని పంపేస్తాం, అందుకే ఆలస్యంగా దొరుకుతుంది. మీకు ఆపరేషన్‌కు ఇంకా వీలుంది. ఇక ఆగకూడదు." అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను.

బయటికొచ్చేసరికి శిబిరం నుంచి ఫోను. "అమ్మ రిపోర్టు ఏమొచ్చింది?"

"అమ్మకేం లేదు. రిపోర్టు నాది. కేన్సరు."

నినాదాలకు దూరంగా జరిగినట్టున్నాడు. "నీకేంది... ముప్పై మూడేండ్లే గద?"

"అవును, ముప్పై మూడే. గందుకే ఆపరేషన్‌కు సంతకం పెట్టొచ్చిన. నిన్ను అడగలే."