కూర్మమ్మ మెడ

హరిబాబు కథ ముగించినప్పుడల్లా అందులోని ఆడది మర్నాడు పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి నిలబడేది. పేటలో ఎవరికీ అది వింత కాదు. చేపలమ్మే అతని పెళ్ళాం కూర్మమ్మ సణుక్కుంటూనే ఇంత గంజి పోసేది. ఒక్కతీ తాగేది కాదు. హరిబాబు ఆకలి రాస్తేగా! జడ సవరించుకుని, నాలుగు కన్నీళ్ళు కార్చి, సాయంత్రానికి ఎటో వెళ్ళిపోయేది.

ఓసారి వచ్చినామె తెల్లచీరలో సముద్రపు ఒడ్డున కూర్చుని, చేపలవేటకెళ్ళిన మొగుడి కోసం ఏడ్చింది. గంపతో వస్తున్న కూర్మమ్మకి ఒళ్ళు మండిపోయింది.

“మావా, ఒడ్డున కూకుని ఏడిసే ఆడదాన్ని ఎక్కడ సూసినావు? పడవొస్తే యేలం పాటకాడ గొంతు సించుకోవాల, సేపలకి ఐసేయాల, ఆటో అందుకోవాల. ఏడుపుకి తీరికేది?”

“కతలో అయ్యన్నీ బాగోవే.”

“అయితే ఒక్కపాలి నన్ను రాయి. ఉన్నదున్నట్టు.”

ఆ మాట అనడానికి మనిషంతా అతనివైపు తిరిగింది. గంప మోసి మోసి మెడ కుడివైపు పట్టేసింది మరి.

హరిబాబు సంబరంగా రాశాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతనికి గుర్తున్నవి ఆమె కళ్ళు, చేపల పులుసు, ఓర్పు. మర్నాడు గుమ్మంలో రెండో కూర్మమ్మ మల్లెపూలతో నిలబడి “ఏమండీ” అని పిలిచింది.

కూర్మమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

“నన్ను రాయమన్నాను. నీకు కావలసినదాన్ని రాసుకున్నావు. ఏలుకో.”

గంపెత్తుకుని కోనాడలో అక్క ఇంటికి పోయింది. కోపం తగ్గితే అదే వస్తాదిలే అనుకున్నాడు హరిబాబు. అందరిలా సాయంత్రానికి పోకుండా కొత్తామె ఉండిపోయింది. ఇంట్లో చోటు ఖాళీ అయింది కదా! వేళకి టీ వచ్చేది, చేపల వాసన లేదు.

ఆ కథకి విజయనగరంలో అతనికి శాలువా కప్పారు. ఆడదాని మనసు తెలిసిన రచయిత అన్నారు. శాలువాతోనే ఇంటికొచ్చాడు.

“ఏటొండినావు?”

“మీకు ఇష్టమైనదేనండీ.”

“ఇంతాలస్యమైనాది. కోపం రానేదా?”

“లేదండీ.”

తిట్టే మనిషి కోసం అతని ప్రాణం కొట్టుకుంది. ఎన్నడూ అడగనిది అప్పుడు అడిగాడు.

“మెడ నొప్పెలాగుంది?”

ఆమె తల అటూ ఇటూ తేలిగ్గా తిప్పింది. “నొప్పేమిటండీ? మీరు రాయలేదు కదా.”

హరిబాబు గబగబా కాగితం తీసుకుని రాయబోయాడు. నొప్పి కుడివైపో ఎడమవైపో అతనికి గుర్తురాలేదు.