నురగ దాటితే రాళ్ళే

మా ఆయన వుసుముజికి తొందర పుట్టుకతో వచ్చింది. పడవలో ముందు కూర్చునేది ఆయన, వెనక తెడ్డు వేసేది నేను. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు ఆయన వీపూ, ఆయన తప్పులూ తప్ప ఇంకేం కనిపించవు.

ఈ ఏడు వానల్లేక మ్సుందుజి నదిలో రాళ్ళు తేలాయి. పడవ పందెం రోజు పొద్దున్నే డ్యామ్ నుంచి నీళ్ళు వదులుతామని ముందే చెప్పారు. వదిలిన నీళ్ళు నడిచి వస్తాయి, పడవ పరిగెత్తి పోతుంది. ఈ సంగతి మా లోయలో అందరికీ తెలుసు. నురగా, పుల్లలూ, ఎండుటాకులూ కలిసి తేలుతూ కనిపిస్తే నీళ్ళ మొనకి చేరినట్టే. అక్కడ తెడ్డు ఆపాలి, ఆ ముందు ఇంకా నీళ్ళుండవు.

క్లబ్బులో తేలిక పడవ ఒక్కటే ఉంది. ఆలుమగల జంటల్లో ఎవరు గెలిస్తే ఏడాదంతా అది వాళ్ళది. పోయినేడు మాకొచ్చింది. అప్పట్నుంచీ మా ఆడపడుచు నొమ్వులా మా గడప తొక్కితే ముందు పడవని పలకరించి, తర్వాత నన్ను పలకరిస్తోంది. దాన్ని పోగొట్టుకుంటే ఆవిడ మాటలు పడే ఓపిక నాకు లేదు.

ఆ పడవలో ఈసారీ మేమే ముందున్నాం. నురగ కనిపించింది. ఆపమన్నాను. వెనక నొమ్వులా వాళ్ళు వచ్చేస్తున్నారన్నాడు.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలయ్యా."

"సామెతలు ఇంటికెళ్ళాక చెబుదువుగాని. తెడ్డు వెయ్యి."

నురగ దాటాం. వంపు తిరిగామో లేదో పడవ గరగరమంటూ రాళ్ళెక్కి కూర్చుంది. ముందంతా పొడి ఇసుక. దిగి ఒక బండ ఎక్కి, చెయ్యి అడ్డంపెట్టి ఎగువకి చూశాడు. డ్యామ్ వాళ్ళు ఆలస్యంగా వదిలారన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పడవ వదిలేసి నేనూ ఆ బండెక్కాను.

"వాళ్ళు చెప్పిన వేళకే వదిలారు. నువ్వెప్పుడు చెప్పిన వేళకి వచ్చావు? కన్యాశుల్కం ఆవుల్ని కూడా ఒకరోజు ముందే తోలుకొచ్చావు. మా నాన్న గేటు తియ్యకపోతే ఆవులతో పాటు వీధిలో పడుకున్నావు."

"మర్నాడు తీశాడుగా."

మేం ఇలా వాదించుకుంటుండగా నీళ్ళు రానే వచ్చాయి. రాళ్ళ మీది పడవని మెల్లగా ఎత్తి, మమ్మల్ని అడక్కుండానే తీసుకుపోయాయి. మేం దిగేసరికి నడుంలోతు నీళ్ళు. ఇంతలో వెనక నుంచి నొమ్వులా, ఆవిడ మొగుడూ ఏ తొందరా లేకుండా వచ్చారు.

"వదినా, మీ పడవ ఒంటరిగా పోతోంది. మా ఇంటిదాకా తోడెళ్తాంలే" అంది, తెడ్డు ఆపకుండానే.

గట్టు వెంట నడిచి వచ్చాం. పక్కన నది నిండుగా పారుతోంది. ఇన్నాళ్ళూ కోరుకున్న నీళ్ళు, ఇప్పుడు చూడాలంటేనే చిరాకేసింది. చాలా దూరం నడిచాక వుసుముజి గొంతు సవరించుకుని, వచ్చే ఏడు నువ్వు ముందు కూర్చో, నేను వెనక కూర్చుంటానన్నాడు.

దేంట్లో అని అడిగాను.

ఆయన నాకంటే నాలుగడుగులు ముందుకి పోయి, మళ్ళీ నాకు వీపే చూపించాడు.