రెండు సీట్ల కారులో పాట

పాట లేనిదే దర్జీకి సూదిలోకి దారం ఎక్కేది కాదు. కొట్లో కుట్టుమిషను పక్కన రేడియో పొద్దున్నే గొంతు విప్పితే తలుపులు వేసేదాకా ఆగేది కాదు. అలాంటి మనిషికి పది మాటలడిగితే ఒకదానికి జవాబు చెప్పే భార్య దొరికింది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, రిటైరైన కొద్దిరోజులకే ఎవరికీ చెప్పాపెట్టకుండా ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చింది.

ఎర్రటి కారు. నేలకి కరుచుకుపోయినట్టు ఉంటుంది. రెండే రెండు సీట్లు. దర్జీ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంగి లోపలికి చూశాడు.

"ఇందులోకి ఎక్కాలంటే ముందు కూర్చోవాలా, ముందు పడుకోవాలా?"

"ముందు నోరు మూసుకోవాలి," అందావిడ. తలుపు వేసుకుని వీధి చివరికల్లా మాయమైపోయింది.

ఆ రోజునుంచి పొద్దున్నే కారేసుకుని ఊరి బయటి రోడ్డు మీద తిరిగి రావడం ఆవిడకి అలవాటైంది. వచ్చేసరికి మొహం వెలిగిపోతూ ఉండేది. అంతా బాగానే ఉంది కానీ దర్జీని ఒక్కటే పీకుతూ ఉండేది. ఆ కారులో స్టీరియో ఉంది, అది సీడీలు తప్ప ఇంకేమీ మింగదు. ఇంట్లో ఒక్క సీడీ లేదు. పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి, ఫోను తగిలించే వీలు ఆ కారుకి లేదు. పాపం, పెట్టుకోవడానికి పాటల్లేక కాదూ ఆవిడ మూగ కారులో తిరిగొస్తోంది అనుకున్నాడు. ఆవిణ్ణి అడగాలని మాత్రం తోచలేదు.

వెళ్ళి అడిగితే కారు సామాన్ల కొట్టువాడు ఒక చిన్న నల్లటి డబ్బీ చూపించాడు. దానికి ఒకవైపు వెడల్పాటి ప్లగ్గు, ఇంకోవైపు పొడుగాటి వైరు.

"స్టీరియో మార్చక్కర్లేదండీ. దాని వెనకాల ఖాళీ సాకెట్ ఒకటి ఉంటుంది. ఈ అడాప్టర్ అందులో గుచ్చి, వైరు బయటికి తెచ్చుకుంటే ఫోన్లో పాటలు కారులో వస్తాయి."

"కష్టమా?"

"చొక్కాకి కాలరు వెయ్యడం కన్నా తేలిక."

కాలరు వెయ్యడం ఎంత యాతనో తెలిస్తే అతను ఆ మాట అనేవాడు కాదు. దర్జీ మాత్రం ఆ మాట నమ్మి డబ్బీ జేబులో వేసుకున్నాడు.

సమయం కూడా కలిసొచ్చింది. మర్నాడు ఆవిడ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తూ కారు షెడ్డులోనే వదిలేసింది. "బస్సులోనే వెళ్తాను. ఈ కొత్తవాళ్ళు ఎలా నడుపుతున్నారో చూడాలి," అంది. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే దర్జీ కొట్టు తలుపు దగ్గరగా వేసి షెడ్డులోకి దూరాడు.

ముందు బ్యాటరీ వైరు ఊడదీశాడు. బట్టలు కొలిచే చెక్క స్కేలుతో స్టీరియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పట్టీని గీత పడకుండా పైకి లేపాడు. మరలు విప్పి గుండీల డబ్బాలో జాగ్రత్తగా పెట్టాడు. అక్కడిదాకా నల్లేరు మీద బండి నడకే. స్టీరియో మాత్రం నాలుగు వేళ్ళ మేర ముందుకొచ్చి ఆగిపోయింది. వెనకాల వైర్లు పొట్టివి. ఇక మిగిలిన దారి ఒక్కటే, కిందనుంచి చెయ్యి పెట్టి సాకెట్ వెతుక్కోవడం.

దర్జీ పక్కసీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట వెల్లకిలా పడుకున్నాడు. అక్కడ కాళ్ళకే చాలీచాలని చోటు. తల, భుజాలు లోపల ఇరికించి, కాళ్ళు సీటు మీదుగా పైకి చాపి, కుడిచెయ్యి డ్యాష్‌బోర్డు కడుపులోకి దూర్చాడు. వేళ్ళకి సాకెట్ తగిలింది. ప్లగ్గు పెట్టబోతే ఎక్కలేదు. తిప్పి పెడదామని మణికట్టు మెలిపెట్టాడు, అంతే. చొక్కా చేతి గుండీ లోపలెక్కడో ఇనపరేకు సందులో పడి బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాదు. ఆ గుండీ కుట్టింది తనే. తాను కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదని ఊళ్ళో అందరికీ చెప్పుకునేది కూడా తనే.

ఇంట్లో ఇంకొక్క మనిషే ఉంది. అత్తగారు.

ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. ఆ ఏడాదే వచ్చి కూతురి దగ్గర ఉంటోంది. అత్తకీ అల్లుడికీ తగవన్నది లేదు. ఉన్నదల్లా మర్యాద, అదీ మెడలోతు. "లేచారా", "భోంచేశారా", "వాన వచ్చేట్టుంది", ఈ మూడు మాటల మీదే వాళ్ళ రోజులు గడిచిపోతున్నాయి. ఆవిడ కొట్లోకి వస్తే దర్జీ రేడియో గొంతు తగ్గించేవాడు. తగ్గించగానే ఆవిడ వెనక్కి వెళ్ళిపోయేది.

దర్జీ కాసేపు ఆలోచించాడు. తర్వాత దగ్గాడు. ఎవరూ రాలేదు. ఇంకొంచెం గట్టిగా దగ్గాడు. ఆఖరికి సిగ్గు చంపుకుని, "అత్తయ్యగారూ, తీరిగ్గా ఉంటే ఒకసారి ఇటు వస్తారా," అని పిలిచాడు.

చేతిలో పేపరుతో వచ్చిన ఆవిడకి ముందు కనిపించినవి అల్లుడి పాదాలు.

"లేచారా," అంది అలవాటుకొద్దీ.

"లేవలేకపోతున్నానండీ. క్షమించాలి, కాళ్ళు మీవైపు ఉన్నాయి."

"ఫర్వాలేదు లెండి. మీ తల ఎటు ఉంది?"

దర్జీ ఉన్న సంగతి చెప్పాడు. ఆవిడ కొట్లోంచి దారాలు తుంచే బుల్లికత్తెర తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, అతని చేతి వెంబడే తన చెయ్యి లోపలికి పోనిచ్చింది. గుండీ దొరికింది. కత్తెర ఆడింది కానీ దారం తెగలేదు.

"ఇదేం దారం?"

"రెండు పేటలు పెడతానండీ. ఒక్కోసారి మూడు."

"ఎందుకంత?"

"ఊడకూడదని."

ఆవిడ కాసేపు కత్తెరతో కుస్తీ పట్టింది. దర్జీ సాయం చేద్దామని చెయ్యి కదిపినప్పుడల్లా దారం జారిపోతోంది. మూడోసారి ఆవిడ ఓపిక అయిపోయింది.

"కదలకు నాయనా! ఒక్క నిమిషం కొయ్యలా ఉండు."

ఉన్నాడు. గుండీ తెగింది. చెయ్యి బయటికొచ్చింది. గుండీతో పాటు ఇంకేదో కూడా తెగిందని ఇద్దరికీ తెలిసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

దర్జీ పాక్కుంటూ బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. జుట్టునిండా దుమ్ము. "ఎవరికీ చెప్పకండి," అన్నాడు.

"ఇంతకీ అందులో ఏం వెతుకుతున్నావు?"

చెప్పాడు. ఆవిడ ఆ నల్ల డబ్బీని అటూ ఇటూ తిప్పి చూసి, ప్లగ్గు అంచు మీద బొటనవేలితో రాసింది. "ఇక్కడ చిన్న గాడి ఉంది. లోపల దానికి జోడీ ఉంటుంది. నీ చెయ్యి లావు, తప్పుకో."

"మీరెందుకండీ, నడుం పట్టేస్తుంది."

"పట్టనీ. ఉద్యోగంలో రోజంతా ఎక్స్ఛేంజి బోర్డు మీద పిన్నులు గుచ్చిన చేతులివి. ఈ పని మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది నాకు?"

సీటు మీద బోర్లా వాలి, చెయ్యి లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుంది. దర్జీ ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. అక్కర్లేదంది. కాసేపటికి లోపల టక్కుమంది. ఆ చప్పుడికి ఆవిడ మొహంలో వచ్చిన కళ చూసి దర్జీకి పొద్దున్నే కారు దిగే భార్య గుర్తొచ్చింది. తల్లీకూతుళ్ళకి పోలిక ఎక్కడుందో అంతకుముందు అతనికి అంతుపట్టలేదు.

వైరుని కనబడకుండా లోపలనుంచి గ్లవ్ బాక్సులోకి లాగారు. దర్జీ కొట్లోకి పరిగెత్తి, నల్ల వెల్వెట్ ముక్కతో ఫోను పట్టేంత సంచీ ఒకటి కుట్టుకొచ్చి అందులో అమర్చాడు. స్టీరియోని లోపలికి తోసి, మరలు బిగించి, బ్యాటరీ తగిలించారు. ఇద్దరూ చెరో సీట్లో కూర్చున్నారు. దర్జీ ఫోన్లో పాట నొక్కాడు.

పట్టీ పీకే గొడవలో వాల్యూము ఎప్పుడు చివరికంటా తిరిగిపోయిందో ఎవరికీ తెలియదు. పాట పిడుగులా పడింది. పక్కింటావిడ మొక్కలకి పెట్టే నీళ్ళు తన కాళ్ళమీదే పోసుకుంది. దర్జీ తడుముకుని తగ్గించబోతే అత్తగారు అతని చెయ్యి పట్టుకుంది.

"మరీ తగ్గించకు. కొట్లో కూడా అంతే, నేను రాగానే రేడియో గొంతు నొక్కేస్తావు. నేనొచ్చేదే పాట కోసమైతే."

దర్జీ బిక్కమొహం వేశాడు. "మీకు చప్పుడు గిట్టదేమోనని..."

"నీకు నేను గిట్టనేమోనని నేను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఆ తర్వాత పాట వెంట పాట సాగింది. తర్వాతిది ఇది, కాదు అది అని వాదించుకున్నారు కూడా. ఆఖరికి సీట్లు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని వింటూ ఉండిపోయారు. షెడ్డు గుమ్మంలో దర్జీ భార్య ఎప్పుడొచ్చి నిలబడిందో వాళ్ళకి తెలియలేదు.

"నా కారులో నాకే చోటు లేదన్నమాట," అంది.

దర్జీ గబగబా దిగబోయి తల గుద్దుకున్నాడు. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు, కాళ్ళ సంగతి మాత్రం మినహాయించి. అది అత్తగారు పూరించింది. భార్య అంతా విని, స్టీరియో చూసి, వెల్వెట్ సంచీ ముట్టుకుని, "బాగుంది," అంది.

ఆ 'బాగుంది' ఎలాంటిదో దర్జీకి తెలుసు. అదనంగా ఒక మడత పడిన ప్యాంటు తీసుకెళ్ళేటప్పుడు మొహమాటస్తులు అనే మాట అది.

"నచ్చలేదు కదూ."

ఆవిడ కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. "ముప్పై ఏళ్ళు వెనకాల నలభైమంది అరుస్తుంటే నడిపానండీ. వాళ్ళ గోలలో ఇంజను ఏమంటోందో ఏనాడూ సరిగా వినబడలేదు. అది వినాలనే ఈ కారు కొనుక్కున్నాను."

దర్జీ మొహం వాడిపోయింది. చెక్క స్కేలు చేతిలోకి తీసుకున్నాడు. "పీకేస్తాను. ఎంతసేపు పని."

"ఎవరూ ఏమీ పీకక్కర్లేదు," అంది అత్తగారు సీట్లోంచి కదలకుండానే. "ఆ ఒక్క టక్కుకోసం నా నడుం ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. వెళ్ళేటప్పుడు నీ ఇంజను విను, వచ్చేటప్పుడు పాట పెట్టు. దానికి అరిగిపోయేదేముంది?"

కూతురు తల్లి వంకా, మొగుడి చొక్కాకి వేలాడుతున్న దారాల వంకా చూసింది. ఆవిడ పెదవి చివర కదిలింది. "రండి," అంది మొగుడితో. "ఇన్నాళ్ళూ మీరొక్కసారైనా ఎక్కలేదు."

వెళ్ళేటప్పుడు ఒప్పందం ప్రకారం స్టీరియో నోరు విప్పలేదు. దర్జీ ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఊరి బయటి రోడ్డెక్కాక ఆవిడ, "ఇప్పుడు వినండి, గొంతు మారుతుంది," అని గేరు మార్చింది. అంతదాకా గరగరలాడుతున్న ఇంజను ఒక్కసారిగా నున్నగా పాడటం మొదలెట్టింది. దళసరి జీన్సు అతుకు దాటి పల్చటి గుడ్డ మీదికి వచ్చినప్పుడు తన కుట్టుమిషను కూడా ఇలాగే పాడుతుంది. ఆ మాటే అన్నాడు. ఆవిడ ఆశ్చర్యంగా అతని వైపు చూసి, "అచ్చంగా అంతే," అంది. అక్కణ్ణుంచి గేరు గేరుకీ ముందే చెప్పి వినిపించింది. అంతకుముందెన్నడూ ఆవిడ ఒకేసారి అన్ని మాటలు చెప్పినట్టు దర్జీకి గుర్తులేదు.

కారు వెనక్కి తిప్పాక ఆవిడే చెయ్యి చాపి స్టీరియో మీట నొక్కింది. పాట మొదలైంది. కాసేపటికి ఆవిడ దానికి కూనిరాగం కలిపింది. శ్రుతి ఒక దారిన, ఆవిడ ఒక దారిన. ఇంట్లో ఏనాడూ పాడని మనిషి. దర్జీ కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు, ఎక్కడ ఆపేస్తుందోనని భయపడుతూ.

ఇల్లు చేరేసరికి అత్తగారు గేటు ముందు చెప్పులేసుకుని తయారుగా ఉంది.

"రేపు తీసుకెళ్తాలే అమ్మా," అంది కూతురు.

"రేపటిదాకా ఆగడం నా వల్ల కాదు. దిగు నాయనా."

దర్జీ ముందు ఒక కాలు, తర్వాత తల, తర్వాత మిగతా మనిషి వరసలో దిగాడు. అత్తగారు చులాగ్గా ఎక్కి కూర్చుంది. కారు కదిలింది. వీధి సగం దాటకముందే పాట మొదలైంది, అదీ గట్టిగా. వెళ్ళేటప్పుడు ఇంజను అన్న మాట అన్నది ఈ అత్తగారే. దర్జీ గేటు పట్టుకుని, ఆ పాట మలుపు తిరిగేదాకా నవ్వుకుంటూ నిలబడ్డాడు.