గీత దాటిన వేలం

ఊళ్లో ఇళ్లమ్మే ఏజెంట్లకు కొదవ లేదు. చూడని ఇంటిని కొనిపించే ఏజెంటు మాత్రం ఒక్కడే ఉండేవాడు. జనం అతన్ని గోడలాయన అనేవారు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు అడగకముందే వేలి కణుపులతో గోడ మీద టకటక కొట్టి, చెవి ఆనించి వినేవాడు. పెళ్లయిన కొత్తలో మామగారింటికి వెళ్లి గోడ కొట్టి, "ఇక్కడ డొల్లగా ఉందండీ" అన్నాడని అతని భార్య ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్విస్తుంది.

చూడని ఇల్లంటే మరేం కాదు. అప్పు కట్టలేకపోయినవాళ్ల ఇళ్లను బ్యాంకు స్వాధీనం చేసుకుని వేలం వేస్తుంది. గేటుకు తాళం, తలుపుకు సీలు, గోడకు నోటీసు. కొనదలచినవాళ్లు వీధిలో నిలబడి చూసుకోవాలే తప్ప లోపల అడుగు పెట్టడానికి లేదు. ఉన్నది ఉన్నట్టు కొనుక్కో, ఆపైన నీ కర్మ. అందుకే ధర తక్కువ, అందుకే దడ ఎక్కువ. పెట్టుబడి పెట్టేవాళ్లలో సగంమంది ధర చూసి ఎగబడతారు, మిగతా సగం దడకు హడలిపోయి ఇంటిదారి పడతారు. ఈ రెండు సగాల మధ్య గోడలాయన సంసారం నడిచేది.

అతని పద్ధతి వేరు. తాళం వేసిన ఇంట్లోకి పోలేం, నిజమే. పక్కింట్లోకి పోవచ్చు కదా! ఒకే మేస్త్రీ ఒకే అచ్చులో పోసిన వరస ఇళ్లలో ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. అందుకని కాళ్లకు బలపం కట్టుకుని చుట్టుపక్కల తిరిగేవాడు. పక్కింటివాళ్లను మంచి చేసుకుని లోపలికి వెళ్లి, గదులు అడుగులతో కొలిచి, గోడలు కొట్టి, కాగితం మీద బొమ్మ గీసేవాడు. వేలానికొచ్చిన ఇంట్లో ఇంకా ఎవరైనా కాపురముంటే ఆ ఇంటి జోలికే వెళ్లేవాడు కాదు. చివరికి ఆ బొమ్మ కింద ఒక అంకె వేసి, దాని కింద ఎర్రసిరాతో గీత గీసేవాడు. ఆ గీత దాటి వేలం పాడకూడదు. దాటితే లాభం మాట దేవుడెరుగు, ఉన్నది ఊడుతుంది. "గీత దాటమని చెప్పే ఏజెంటు కనిపిస్తే చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తండి, అది నేనైనా సరే" అని ప్రతివాళ్లకూ ముందే చెప్పేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఆ వేసవిలో కండక్టరమ్మ వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. మాట మామూలుగా మాట్లాడినా వీధి చివరి దాకా వినిపించేది.

"రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా ఇదే తమ్ముడూ. మళ్లీ రాదు. దీంతో ఒక ఇల్లు కొనాలి. కొంత అద్దెకిచ్చి కొంతలో నేనుండాలి. మామూలు ధరకి పోతే ఒక గది కూడా రాదంట. వేలంలో అయితే వస్తుందంటున్నారు, నిజమేనా?"

"వస్తుందక్కా. తప్పు ఇల్లు కొంటే ఆ డబ్బూ పోతుంది."

"ఈ మాట చెప్పినందుకు ఫీజా?"

"ఇది ఉచితం. ఇల్లు మీ చేతికొస్తేనే నా ఫీజు."

ఆమె సొంత తమ్ముడి ఇంట్లో సామాన్ల గదిలో ఉంటోంది. మరదలు చెడ్డదా అంటే, కాదు. బంగారంలాంటి పిల్ల. అదే కష్టమని కండక్టరమ్మ అంది. "గయ్యాళిదైతే పోట్లాడుకుని బయటికొచ్చేదాన్ని. కంచం ముందు పెట్టిన ప్రతిసారీ మొహమాటంగా నవ్వాల్సొస్తోంది. ఎన్నాళ్లని నవ్వను, దవడలు నొప్పెడుతున్నాయి!"

గోడలాయన నవ్వాడు గానీ ఆ మాట అతని మనసులో ఎక్కడో గుచ్చుకుంది. ఇంతకుముందు అతని దగ్గరికొచ్చినవాళ్లు పది ఇళ్లున్నవాళ్లు. ఒకటి బెడిసికొట్టినా దులుపుకుని పోగలరు. ఈమెకు రెండో అవకాశం లేదు.

నెల తిరిగేసరికి ఒక ఇల్లు తగిలింది. వీధి చివర, ఒకదానికొకటి ఆనుకుని కట్టిన జంట ఇళ్లలో రెండోది. వీధిలో నిలబడి చూస్తే ఎడమవైపు గడియారాలు బాగుచేసే ఆయన ఇల్లు, కుడివైపు వేలానికొచ్చిన ఇల్లు, దాని పక్కనుంచి బస్టాండుకు పోయే సందు. సందు పొడవునా ఎత్తయిన ప్రహరీ, లోపల మనిషెత్తు పిచ్చిమొక్కలు, వాటి మీద వాలిన రేకులు. బయటినుంచి ఏమీ కనిపించదు. ఇల్లు ఖాళీ అయి రెండేళ్లయిందని వీధిలో అందరూ చెప్పారు.

గోడలాయన గడియారాలాయన తలుపు తట్టాడు. ఆయన మాట్లాడే మనిషి కోసం మొహం వాచి ఉన్నాడేమో, గంటన్నర వదల్లేదు. "పక్కింటివాళ్లు ఉన్నన్నాళ్లూ నా ప్రాణం తీశారండీ. వాళ్లు స్నానం చేస్తే మా వంటింటి గోడ చెమర్చేది. పంచదార డబ్బా డబ్బా అంతా కరిగిపోయేది!" గోడలాయన ఊ కొడుతూనే గోడలు కొట్టాడు, గదులు కొలిచాడు. లోపలికి వెళ్లగానే ఎడమచేతి వైపు పొడుగాటి పెద్ద గది. కుడిచేతి వైపు వంటిల్లు, దాని వెనక స్నానాలగది. గోడలు గట్టివి. ఆయన మాటల హోరులోనే బొమ్మ గీసి, అంచున "తడి గోడ, బాగుచేయించాలి" అని రాసుకుని బయటపడ్డాడు.

మర్నాడు కాగితం కండక్టరమ్మ చేతిలో పెట్టాడు. "ఇల్లు గట్టిదే అక్కా. పెద్ద గది గనక సందువైపు ఉండుంటే ప్రహరీ, గోడ పడగొట్టి షట్టరు పెట్టి కొట్టుకి అద్దెకిచ్చేవాళ్లం, బస్టాండు దారి కాబట్టి ఎగరేసుకుపోయేవాళ్లు. కానీ సందువైపు వంటిల్లు, స్నానాలగది వచ్చాయి. అందుకే గీత ఇక్కడ గీశాను."

"గీత దాటితే?"

"దాటొద్దు."

"సరే" అని ఆమె కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. ఆ రోజే బ్యాంకులో డిపాజిట్టు కట్టింది. వేలంలో ఓడితే ఆ సొమ్ము వెనక్కిస్తారు. గెలిచి వెనకడుగు వేస్తే మాత్రం నీళ్లు వదులుకోవాల్సిందే.

వేలం రోజు బ్యాంకు మేడమీది గదిలో పదకొండు మంది కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన పంకాల వ్యాపారి. ఆయన ఎదురుగానే పైన వేలాడుతున్న రెండు పంకాలూ కదలకుండా బిగుసుకుపోయి ఉన్నాయి. వేలం నడిపే అధికారి ధరను ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోతుంటే నంబరు అట్టలు లేస్తున్నాయి, పడుతున్నాయి. సగం దారిలోనే ఎనిమిది మంది చేతులు ముడుచుకున్నారు. కాసేపటికి పంకాల వ్యాపారి, కండక్టరమ్మ మిగిలారు.

గీతకు ఇంకా రెండు మెట్లున్నాయనగా గోడలాయన తోచక తన దగ్గరున్న బొమ్మ నకలు విప్పాడు. అంచున తన చేతిరాతే కనిపించింది. తడి గోడ. ఎవరి గోడ తడిసింది? గడియారాలాయనది. ఎవరు స్నానం చేస్తే? పక్కింటివాళ్లు. మరి తన బొమ్మలో ఆ పక్కింటి స్నానాలగది ఎక్కడుంది? అవతల, సందువైపు. మధ్యలో పెద్ద గది అంతా ఉంది. ఆ నీళ్లు పెద్ద గది దాటి వచ్చి ఈయన పంచదార ఎలా కరిగించాయి?

గోడలాయన కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంతవరకు చూసినవన్నీ వరస ఇళ్లు, అన్నీ ఒకే అచ్చు. ఇవి జంట ఇళ్లు. మేస్త్రీ నీళ్ల గొట్టాలన్నీ ఒకేచోట కలవాలని రెండు వంటిళ్లూ, రెండు స్నానాలగదులూ మధ్యగోడకే ఆనించి కట్టుంటాడు. ఒక ఇంట్లో కుడివైపున్నది రెండో ఇంట్లో ఎడమవైపు వస్తుంది. పెద్ద గది సందువైపే ఉంది. ఇన్నేళ్ల అనుభవం పెట్టుకుని, పక్కింటి బొమ్మను తిరగెయ్యకుండా ఉన్నదున్నట్టు దించేశాడు!

ఈలోగా పాట గీతను తాకింది. పంకాల వ్యాపారి ఒక మెట్టు పైకి పాడాడు. కండక్టరమ్మ అట్ట ఒళ్లో పెట్టుకుని, "అయిపోయింది తమ్ముడూ. పద, ఇంకోటి చూద్దాం" అంది. గొంతు మామూలుగానే ఉంది గానీ ముఖం చిన్నబోయింది.

గోడలాయన ఆమెకేసి తిరిగాడు. ఇప్పుడు ఏమని చెప్పాలి? గీత దాటమనే ఏజెంటును చూసి పారిపొమ్మని తనే చెప్పాడు. ఇల్లు వస్తేనే తనకు ఫీజు, అదీ ఆమెకు తెలుసు. ఊరుకుంటే పరువు దక్కుతుంది, ఆమె ఇల్లు పోతుంది. చెప్పినా, అది తప్పయితే ఆమె బతుకే పోతుంది. ఇంత సిగ్గు అతను జీవితంలో పడలేదు.

"ఒకటోసారి" అన్నాడు అధికారి.

"అక్కా, నేను తప్పు గీశాను. పెద్ద గది సందువైపుంది."

ఆమె తల తిప్పి చూసింది. బస్సులో టిక్కెట్టు లేనివాణ్ణి ముప్పై ఏళ్లు చూసిన చూపు అది.

"గీత దాటమంటున్నావా?"

"అవును. నన్ను నమ్మకండి. గడియారాలాయన గోడ ఎందుకు తడిసిందో మీరే ఆలోచించండి. అవి జంట ఇళ్లు, నేను తిరగెయ్యడం మరిచిపోయాను."

"రెండోసారి."

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత తన ఎడమచేతిని చూసుకుంది, ఎదురుగా కూర్చున్న అధికారి కుడిచేతిని చూసింది.

"ఓరి నీ! జనం వైపు తిరిగి నిలబడితే నా ఎడమ వాళ్ల కుడి. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే నేర్చుకున్నా" అని గొణిగింది. ఆమె గొణుగుడు గదంతా వినిపించింది. "ఎన్ని మెట్లు?"

"ఆరు. ఏడోదానికి మాత్రం నా పీక నొక్కండి."

అట్ట లేచింది. పంకాల వ్యాపారి ఉలిక్కిపడి చూశాడు. ఆయన పాడాడు, ఈమె పాడింది. నాలుగో మెట్టు దగ్గర ఆయన చెమట తుడుచుకుని, అట్ట పక్కన పడేశాడు. మూడోసారి అన్న మాట వినిపించాక గోడలాయన బొమ్మ నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తాళాలు చేతికి రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ అతనికి తిన్నది ఒంటికి పట్టలేదు. గీత దాటిన ఆ నాలుగు మెట్లూ తన మాట మీద పోసిన డబ్బు. లోపల గదులు వేరుగా ఉంటే? మేస్త్రీకి ఏ తిక్కో పుట్టి వేరేలా కట్టుంటే? రోజుకోసారి ఆ వీధికి వెళ్లి ప్రహరీ చుట్టూ తిరిగొచ్చేవాడు. "ఇల్లు కొన్నది ఆవిడ, పిచ్చెక్కింది నీకు" అని భార్య ఒకరోజు నవ్వింది, ఇంకోరోజు కసిరింది. గీత లోపలి మొత్తానికే ఫీజు తీసుకుంటానని అతను కండక్టరమ్మకు చెప్పొచ్చాడు. పైదానికి ఫీజు తీసుకునే ముఖం తనకు లేదన్నాడు. ఆమె వాదించలేదు. "తలుపు తెరుచుకోనీ ముందు" అంది, అంతే.

ఆ రోజు బ్యాంకు గుమాస్తా వచ్చి సీలు తీశాడు. గోడలాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కండక్టరమ్మ ఒక్కతే వెళ్లింది. ఏదో కింద పడింది, ఆమె దగ్గింది, చెప్పుల చప్పుడు లోలోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఎక్కడో తుప్పుపట్టిన కిటికీ కిర్రుమంది.

"తమ్ముడూ! కుడివైపే! సందు ప్రహరీ కనిపిస్తోంది!"

అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు పరిగెత్తాడు. పెద్ద గది కిటికీలోంచి పిచ్చిమొక్కల మీదుగా ఎండ పడుతోంది. నేల రెండుచోట్ల కుంగింది, వంటింటి గోడ మీద తడి మచ్చ ఇంత మేర ఉంది, పైకప్పులో పావురాలు కాపురం పెట్టాయి. ఖర్చుంది. అయినా తను లెక్కేసినదానికి లోపలే ఉంది. అతను గబగబా కాగితం తీసి, ఇక్కడ షట్టరు, ఇక్కడ అడ్డుగోడ, వెనక రెండు గదులూ మీకు, అద్దె ఇంతొస్తుంది అంటూ చెప్పుకుపోయాడు. కండక్టరమ్మ అన్నిటికీ తలూపింది.

"బాగుంది. ఇద్దరూ కాస్త బయట నిలబడండి" అంది.

గుమాస్తా, గోడలాయన మెట్ల మీదికొచ్చారు. వెనక తలుపు మూసుకుంది. లోపలి నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. ఐదు నిమిషాలయింది, పదయింది. లోపల అలికిడి లేదు. గుమాస్తాకు కంగారు పుట్టి తలుపు తట్టబోతే గోడలాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏమైందండీ ఆవిడకి?"

"ఏమీ కాలేదు" అన్నాడు గోడలాయన, మెట్టు మీద కూర్చుంటూ. "ఇల్లు ఆవిడది. తెరవాలనిపించినప్పుడు తెరుస్తుంది."