మిల్లు గేటుకు పచ్చరంగు

నేను ఒక ఇనుప గేటును. కమ్మరి సమ్మెట కింద పుట్టి, రైలుకట్ట పక్క జనపనార మిల్లు ముందు నిలబడ్డాను. సైరన్ కూస్తే తెరుచుకోవడం, మళ్లీ కూస్తే మూసుకోవడం, ఆలస్యమైనవాణ్ణి బయట నిలబెట్టడం. ఉద్యోగమన్నాక అంతే కదా అనుకున్నాను.

మిల్లు మూతపడ్డాక నా తాళాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. ఒక రెక్క వాలిపోయింది. ఆ సందులోంచే, నా ఎదుటి పేటలో ఆకుకూరలు పండించే అసిరితల్లి, బుట్ట నెత్తిన పెట్టుకుని తుప్పల మధ్య నుంచి రైతుబజారుకు పోయేది. రైలుగేటు మీదుగా చుట్టూ తిరిగి పోతే తోటకూర వాడిపోతుంది. వాడిన కూరను ఎవరు కొంటారు? ఆమె వెనకే బడిపిల్లలూ, మేకలూ. నిజం చెప్పాలంటే, పాడైపోయాకే నేను జనానికి పనికొచ్చాను.

తర్వాత పెద్దలొచ్చారు. పాడుబడ్డ స్థలంలో పార్కు వేసి రెండు పేటలనూ కలుపుతామన్నారు. కానుగ మొక్కలు నాటారు. అసిరితల్లి నడిచి నడిచి వేసిన బాట మీదే రాళ్లు పరిచారు. పాతకాలపు గుర్తని నన్ను నిటారుగా నిలబెట్టి, పచ్చరంగు పూసి, కొత్త తాళం వేలాడదీశారు.

తడిబుట్ట నీళ్లు కారి బాట బురదవుతోందని నడకకొచ్చే పెద్దమనిషెవరో ఫిర్యాదు చేశాడట. బుట్టలతో రాకూడదని కాపలాదారు పైడయ్య తల వంచుకుని ఆమెకు చెప్పి, నన్ను మూశాడు. కొత్త గ్రీజు మహిమ, చప్పుడే కాలేదు. కనీసం కిర్రుమన్నా బాగుండేది.

అప్పట్నుంచి ఆమెకు చుట్టుదారే. పొద్దెక్కాక సగం బుట్ట వాడిన కూరతో తిరిగొచ్చేది. చూసి చూసి పైడయ్యకే మనసొప్పలేదు. ఒకనాడు తెల్లారగానే నన్ను బార్లా తెరిచి, ఆమెకు ఎదురెళ్లి అక్కను పిలిచినట్టు పిలిచాడు.

“ఎల్లిపో అప్పా. నానున్నాను కదా.”

ఆమె బుట్ట దించకుండానే నా లోపలికి తొంగి చూసింది. బాట ఖాళీగా, నున్నగా ఉంది. అవతల బజారు కనిపిస్తోంది.

“నువ్వున్నంతసేపే కదా పైడయ్యా. రేపు నీ ఉద్దోగం ఊడితే ఆ పాపం నాకెందుకు?”

బుట్ట కింది చుట్టకుదురు సర్దుకుని రైలుగేటు వైపు నడిచింది. ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. మూసుకున్న రోజున సిగ్గుపడ్డాను. తెరుచుకున్న ఆ పూట అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది.