గొట్టంలో నీలం

రాజారత్నం మాస్టారు పంతం పట్టాడంటే ఇక అంతే. షుగర్ జబ్బు బయటపడ్డప్పుడు డాక్టరు మాత్ర రాసిచ్చి, రోజూ కాస్త నడవమన్నాడు. కాస్త అంటే ఈయనకు సరిపోతుందా? మొదట మెట్టకూరు దాకా నడిచాడు, తర్వాత అడవిపొలం దాకా. ఈ మధ్య ఏటిగట్టు ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలీదు.

పొద్దున్నే గాజు గొట్టంలో నీలం మందు పోసి, కొన్ని చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవాడు. షుగర్ ఎక్కువగా ఉంటే అది ఇటుక రంగుకు తిరుగుతుంది. తగ్గేకొద్దీ పసుపు, ఆకుపచ్చ. లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. నడక పెంచాక రోజూ నీలమే.

“చూడు శాంతా, ఎంత తేటగా ఉందో,” అని భార్యకు చూపించి మురిసిపోయేవాడు.

“డాక్టరు గారేవన్నారండీ?” అనేది శాంతమ్మ. “నడిచే కాళ్లు నెత్తుట్లో పంచదార తినేత్తాయి, ఇంటికొచ్చి కూర్చున్నాక కూడా తింటానే ఉంటాయన్నారు కదా. నడక పెరిగితే మాత్ర తగ్గించాలి, వచ్చి చెప్పమన్నారు.”

“చెబుదాంలే. నీలం వస్తుంటే నీకు భయమెందుకు?”

ఆ మాయదారి గొట్టాన్ని నమ్మడమే కొంప ముంచింది. షుగర్ ఎక్కువైతే చెప్పడానికి దానికి ఇన్ని రంగులున్నాయి. మరీ పడిపోతే చెప్పడానికి ఒక్కటీ లేదు. అప్పుడూ నీలమే.

కొన్నాళ్లుగా ఆయన నడిచి వచ్చేసరికి ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. మాట తడబడేది. ఊరికే కసురుకునేవాడు. అన్నం తిన్నాక మళ్లీ మామూలు మనిషే. శాంతమ్మకు పాత రోజులు గుర్తొచ్చాయి. పెళ్లైన కొత్తలో ఆయన తాగేవాడు. బైబిలు మీద చెయ్యి వేసి మానేశాడు. సందుకో బ్రాందీ కొట్టున్న యానాంలో మానడం కంటే మళ్లీ మొదలెట్టడమే తేలిక. అడిగితే ఔనంటాడేమోనని భయపడి ఆమె అడగలేదు.

ఆ శుక్రవారం చర్చి వాళ్ల ఉపవాస ప్రార్థన కూటం వాళ్లింట్లోనే. మాస్టారు పచ్చి మంచినీళ్లతో మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా మధ్యాహ్నం నడకకు వెళ్లాడు. సాయంత్రం సంఘం వాళ్లు చాపల మీద సర్దుకుంటుండగా రిక్షా పాపారావు పెరటి గుమ్మంలోకి వచ్చాడు.

“అమ్మగారండీ, మాస్టారు ఎంకన్న బ్రాందీ కొట్టు అరుగు మీద పడున్నారండి. తూలుకుంటా వచ్చారంట. మాట ముద్దగా వత్తంది. ఉప్పేసి మజ్జిగ పడితే మింగట్లేదండి. రిక్షాలో తీసుకొచ్చేయమంటారా?”

అవమానంతో ఆమె ఒళ్లు మండిపోయింది. సంఘపెద్ద అయ్యుండి ఆయన తూలుతూ ఇంత మంది ముందు రిక్షా దిగడమా?

“ఇప్పుడొద్దు,” అంది గొంతు తగ్గించి. “మత్తు దిగేదాకా అక్కడే ఉండనీ. చీకటి పడ్డాక తీసుకురా.”

పాపారావు తలూపి వెళ్లిపోయాడు. గోదారి దాటి తాగడానికి వచ్చేవాళ్లను చూసి చూసి ఈ ఊరికి అలవాటైపోయింది. కొట్టు అరుగు మీద మనిషి పడి ఉంటే ఇక్కడ డాక్టరును ఎవరూ పిలవరు.

ప్రార్థన అయ్యాక శాంతమ్మ అందరికీ టీ ఇచ్చింది. కూటానికొచ్చిన మార్తమ్మ ఒక్క గుక్కలో సగం గ్లాసు తాగేసి గోడకు చేరబడింది.

“ఉపాసంతో అగ్రహారం నుంచి నడిచొచ్చాను కదా వదినా, చెవటలు పోసేసి, చేతులు వణికిపోయి, నోట మాట రాలేదు. ఈ తీపి పడ్డాక పేణం లేచొచ్చింది.”

శాంతమ్మ చేతిలో పళ్లెం అలాగే ఆగిపోయింది. చెమటలు, వణుకు, తడబడే మాట. ఉపవాసం, నడక, పైగా మాత్ర. పంచదార డబ్బా లాక్కుని చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

వెంకన్న ఆమెను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. “గొడవేం చెయ్యట్లేదండి. ఇందాకే నిద్దరోయారు. మీరే దిగేదాకా ఉండనిమ్మన్నారంట కదండీ.”

ఆమె అరుగు మీద కూలబడి మొగుడి నోటి దగ్గర ముఖం పెట్టింది. మందు వాసన లేదు. ఏ వాసనా లేదు, ఊపిరి కూడా తగల్లేదు.

“ఏవండీ, పంచదారండీ,” అంటూ గుప్పెడు తీసి నాలుక మీద వేసి వేలితో రుద్దింది. దీపం తెమ్మని వెంకన్నను అరిచి, మళ్లీ నోట్లోకి చూసింది. పంచదార వేసింది వేసినట్టే ఉంది, ఒక్క పలుకూ కరగలేదు.